చెవులు విరిగిన క్యాసెట్

మూడో మెట్లదారి కింద ఉన్న వాల్వు మొండిఘటం. జుమగలి దానికి రెంచి తగిలించి, ఒంటి బరువంతా మోపి, ఊపిరి బిగబట్టి లాగాడు. కదల్లేదు. రెంచి తీసి వాల్వు మెడ మీద ఒక్కటిచ్చి, దాని పుట్టుపూర్వోత్తరాలు గొణిగి, మళ్ళీ తగిలించాడు. ఈసారి కిర్రుమని పావు చుట్టు తిరిగింది. గొట్టానికి చెవి ఆనించి విన్నాడు. నీళ్ళు పైకి పోతున్నాయి, జ్వరం పడి లేచినవాడు మెట్లెక్కినట్టు, ఆగి ఆగి.

ఆ నేలమాళిగలో నిటారుగా నిలబడే చోటు లేదు. ఏళ్ళ తరబడి వంగి తిరిగి తిరిగి, ఇప్పుడతను ఆకాశం కింద కూడా వంగే నడుస్తాడు. వేళ్ళ కణుపులు ఉబ్బిపోయి, చర్మపు పగుళ్ళలో తుప్పు దిగిపోయి, ఎంత సబ్బు అరగదీసినా చేతులు ఎర్రగానే ఉంటాయి. జంబిల్ ఊళ్ళో ఆ వీధివాళ్ళని జుమగలి ఎలా ఉంటాడని అడిగితే ముందు కోటు చెప్తారు, తర్వాత రెంచి చెప్తారు, మొహం దగ్గరికొచ్చేసరికి తడుముకుంటారు.

బొగ్గుతో కాచిన నీళ్ళు గొట్టాల్లో తిరిగితేనే ఆ బిల్డింగులో ఇళ్ళు వెచ్చబడతాయి. ఆ చలికాలం ఊళ్ళోకి బొగ్గు సగమే వచ్చింది. ఆ సగం వేడిని నాలుగు మెట్లదార్లకీ, అయిదంతస్తులకీ సర్దడం అతని పని. మొదటి మెట్లదారికి కాస్త ఎక్కువ వదిలితే చివరిది గడ్డకడుతుంది. చలేసినవాళ్ళు చెంచాలతో గొట్టాల మీద కొడతారు. ఆ మోత గోడల్లోంచి దిగి వచ్చి నేలమాళిగలో అతని నెత్తిన పడుతుంది. అది తిట్టని అతనికి తెలుసు. ఏ చెంచా ఎవరిదో కూడా తెలుసు. వెచ్చగా ఉన్న రోజున ఎవరూ కొట్టరు గనక, ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో తనని ఎవరైనా మెచ్చుకున్నారో లేదో అతను చెప్పలేడు.

తన ఇల్లు నాలుగో మెట్లదారిలో అయిదో అంతస్తు. గొట్టాలన్నిటికీ అదే ఆఖరు. అతనెంత సర్దినా అక్కడికి చేరేసరికి నీళ్ళకి ప్రాణం ఉండదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. మా ఇంట్లో వడ్డించేవాడు మొగుడే, విస్తట్లో మాత్రం మంచు గడ్డ అని భార్య బాగిలా పదిమందిలో అనేది. అందరూ నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు.

ఆదివారం కాబట్టి తిరుగుడు త్వరగా ముగించి పైకెక్కాడు. బాగిలా మంచం మీద దిళ్ళకి ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడదు. కాళ్ళు నీరు పట్టి దుప్పటి కింద దుంగల్లా ఉన్నాయి. గుండె అలిసిపోయిందన్నాడు డాక్టరు. ఆసుపత్రిలో మీ ఇంట్లోకంటే చలి ఎక్కువ, తీసుకుపొమ్మన్నదీ ఆయనే. ఆ మాటకి అర్థమేమిటో ఇద్దరికీ తెలిసినా, ఇంటికొచ్చాక దాని గురించి మాట్లాడుకోలేదు.

ఎదురింటి ఎమ్మా అప్పటికే వచ్చి కూర్చుంది. జర్మన్ ముసలావిడ, ఒకప్పటి నర్సు. ఆదివారాలు జుమగలి సంతకి పోయినప్పుడు బాగిలాకి తోడుండేది ఆవిడే.

"ఇవాళ కూడా పోవాలా తమ్ముడూ?" అంది ఎమ్మా, గుమ్మం దగ్గర అతన్ని ఆపి, గొంతు తగ్గించి. "పాదాలు చూశావా? ఇవాళ పోకపోతే ఏం?"

"ఇవాళ దొరుకుద్ది" అన్నాడతను.

దొరకాల్సింది ఒక కంపైలరు. బాగిలా ఫ్యాక్టరీ కంప్యూటర్ సెంటర్లో ప్రోగ్రాములు రాసేది. ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు జీతాల బదులు వస్తువులు పంచారు. మిగతా ఆడవాళ్ళంతా ఎనామిల్ గిన్నెలూ తివాచీలూ ఏరుకున్నారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు బాగిలా మాత్రం, కార్మికుల పిల్లలు నేర్చుకోవడానికి పెట్టిన చిన్న ఇంటి కంప్యూటర్ని శాలువాలో చుట్టుకుని తెచ్చుకుంది. దానికి తెర అంటే ఇంట్లో టీవీయే. జ్ఞాపకమంటే క్యాసెట్లు, పాటలు వినే టేప్‌రికార్డర్ తగిలించి, క్యాసెట్ తిప్పితే కీచుమని అరుచుకుంటూ ప్రోగ్రాము లోపలికి ఎక్కుతుంది. కరెంటు పోతే దానికి పోయిన జన్మ గుర్తుండదు, మళ్ళీ మొదటినుంచీ ఎక్కించాల్సిందే.

పగలు బజార్లో మేజోళ్ళు అమ్మి, సాయంత్రాలు ఆ యంత్రం ముందు కూర్చుని రెండు చలికాలాలు బాగిలా ఒక ప్రోగ్రాము రాసింది. ఏమిటది అంటే, అయ్యాక నువ్వే చూద్దువుగాని అనేది. పాస్కల్ అనే భాషలో రాసింది. ఆ భాష యంత్రానికి తెలియదు. మధ్యలో కంపైలరు ఉండి మార్చి చెప్పాలి. జుమగలికి అర్థమయ్యేలా ఆమె దాన్ని దుబాసీ అనేది. దుబాసీ ఒక క్యాసెట్ మీద ఉంటుంది, ఆమె రాసింది ఇంకో క్యాసెట్ మీద. రాయడం పూర్తయిన సాయంత్రం, దాన్ని క్యాసెట్ మీదికి ఎక్కించగానే కరెంటు పోయింది. రేపు ఆడించి చూద్దాంలే అనుకుంది. మర్నాడు వాల్యా అని పాత సెంటర్ స్నేహితురాలొచ్చి కంపైలర్ క్యాసెట్ అడిగి పట్టుకుపోయింది. ఆ వారంలోనే వాల్యా కుటుంబం ఊరొదిలి రష్యా వెళ్ళిపోయింది, సామాను మూటల్లో ఆ క్యాసెట్ కూడా పోయింది. తర్వాత బాగిలా మంచం పట్టింది.

అప్పటినుంచీ జుమగలి ప్రతి ఆదివారం పాత సామాన్ల సంతకి పోతూనే ఉన్నాడు. మొదట ఒక క్యాసెట్ తెచ్చాడు. పైన పాస్కల్ అని రాసి ఉంది. తీరా ఎక్కిస్తే ట్యాంకులు కాల్చుకునే ఆట. కొండని తవ్వి ఎలుకని పట్టినట్టయింది. ఇంకోసారి తెచ్చింది నిజంగా కంపైలరే కానీ వేరే భాషది. ఇదీ దుబాసీయేనయ్యా, కాకపోతే చైనావాడికీ టర్కీవాడికీ మధ్య మాట్లాడేవాడు, మనకెందుకు అని బాగిలా దగ్గుతూ నవ్వింది. మూడోది ఆ భాషదే అయినా వేరే రకం, ఆమె రాసినదాన్ని మొదటి వరసలోనే ఉమ్మేసింది. అప్పుడామె నవ్వలేదు. గోడ వైపు తిరిగి, ఒక్కసారి ఆడితే చూసి పోదామనుకున్నాను అంది. తన చావు గురించి ఆమె పైకన్న మాట అదొక్కటే.

కిందటి ఆదివారం క్యాసెట్లమ్మే లిగాయ్, చిమ్‌కెంట్ ఊరి నుంచి ఒకతను అసలైనది తెస్తున్నాడని చెప్పాడు. రకరకాలున్నాయి గనక ఆవిడ రాసిన క్యాసెట్ కూడా తెండి, ఇక్కడే పెట్టి చూసుకుందామన్నాడు. ఎక్కించుకోవడానికి ఖాళీ క్యాసెట్ ఒకటి కావాలన్నాడు.

బాగిలా దిండు కింది నుంచి తన క్యాసెట్ తీసిచ్చింది. ఖాళీది కూడా అదే రంగు, అదే రకం.

"చెవులు విరిగింది నాది. చెవులున్నది ఖాళీది" అంది. "టోపీ మర్చిపోతే మర్చిపో గానీ ఇది మర్చిపోకు."

క్యాసెట్ వీపు అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకుల్ని చెవులంటారు. వాటిని విరిచేస్తే ఆ క్యాసెట్ మీద ఇంకేమీ ఎక్కదు. రాసిన సాయంత్రమే కత్తి మొనతో ఆమె వాటిని విరిచేసింది.

సంతలో ఆ రోజు గాలి కోత పెడుతోంది. రైలు గోడ వెంబడి జనం నేలమీద గుడ్డలు పరిచి, ఉన్నవన్నీ అమ్మకానికి పెట్టుకుని నిలబడ్డారు: బల్బులు, తాళంచెవులు, సగం డిన్నర్ సెట్లు, ఎవరివో పతకాలు. చివర్న కొరియన్ లిగాయ్ బల్ల. అతని పెళ్ళాం పక్కనే క్యారెట్ పచ్చడి అమ్ముతుంది. బల్లమీద కారు బ్యాటరీ, దానికి తగిలించిన చిన్న టీవీ, మెత్త కప్పిన కంప్యూటరు, రెండు టేప్‌రికార్డర్లు. ఆ చలికి టేపు పెళుసెక్కి చుట్టుకుపోతుంది. అందుకని ఆ వరసలో తిరిగేవాళ్ళంతా క్యాసెట్లని కోడిపిల్లల్లా కోటు లోపల పెట్టుకుని తిరుగుతారు. జుమగలి కూడా బాగిలా క్యాసెట్ని చొక్కాకీ కోటుకీ మధ్య ఎడమవైపు దాచుకుని వచ్చాడు. ఖాళీది బయటి జేబులో ఉంది.

"వచ్చింది జుమెకే" అన్నాడు లిగాయ్, పలకరింపు కూడా లేకుండా. జుమగలిని గౌరవంగా అలా పిలుస్తాడతను. "ఆవిడది ఇటివ్వండి."

ముందు కంపైలరు ఎక్కించాడు. తర్వాత బాగిలా క్యాసెట్. జుమగలి బల్లమీదికి వంగి చూస్తున్నాడు. తెరమీద అక్షరాల వరసలు పైకి పాకడం మొదలెట్టాయి, ఆగకుండా. లిగాయ్ ఏదో నొక్కాడు. కాసేపు ఆలోచించి యంత్రం ఒక్క తప్పు కూడా పట్టకుండా ఊరుకుంది.

"తీసుకుంది" అన్నాడు లిగాయ్. "ఆవిడ చెయ్యి మంచిది. ఆడించమంటారా? చూస్తారా?"

జుమగలికి చూడాలనిపించింది. నోటిదాకా వచ్చింది. కానీ రెండు చలికాలాలు రాసిన మనిషి మంచం మీద కూర్చుని ఉంటే, సంతలో నిలబడి తను ముందు చూడటం మర్యాదగా తోచలేదు.

"వద్దు. ముందు ఆమె చూడాలి" అన్నాడు.

లిగాయ్ తలాడించి బాగిలా క్యాసెట్ తిరిగిచ్చేశాడు. జుమగలి దాన్ని ఎడమవైపు కోటు లోపలికి తోశాడు. బయటి జేబులోంచి ఖాళీది తీసిస్తే లిగాయ్ దాన్ని బుగ్గకి ఆనించుకుని, మంచుముక్కలా ఉంది, ఇలాగే తిప్పితే చుట్టుకుపోతుంది, కాసేపు కోటు లోపల పెట్టుకోండి అన్నాడు. జుమగలి దాన్నీ అక్కడికే తోశాడు. ఈలోపు లిగాయ్ పెళ్ళాం వేడి టీ పోసి, కాగితంలో పచ్చడి పెట్టిచ్చింది. జుమగలి వద్దనలేదు. చాలా రోజుల తర్వాత నోటికి ఏదో రుచి తెలిసింది. బాగిలాకి కూడా కొంచెం కట్టించుకున్నాడు. ఆమె మొహం ఎలా వెలుగుతుందో తలుచుకుంటూ నిలబడి తిన్నాడు. వెనక ఇంకో ఇద్దరు వచ్చి నిలబడ్డారు.

"వెచ్చబడిందా? ఇవ్వండి" అన్నాడు లిగాయ్, వాళ్ళతో బేరమాడుతూనే.

జుమగలి మందపాటి చేతొడుగుతోనే కోటులో చెయ్యి పెట్టి, చేతికందిన క్యాసెట్ తీసిచ్చాడు.

ఆ ఊళ్ళో కొత్త క్యాసెట్లు కొనేవాళ్ళు తక్కువ. పాత పాటల క్యాసెట్లే తెచ్చి వీటిమీద ఎక్కించమంటారు. వాటికి చెవులుండవు. లిగాయ్ ఆ కంతల మీద నీలం టేపు ముక్క అతికించి పని కానిస్తాడు. ఇప్పుడూ కళ్ళు బేరం మీదే పెట్టి, పంటితో టేపు తెంపి, బొటనవేలితో రుద్ది, ఒక టేప్‌రికార్డర్ నుంచి ఇంకోదానికి ఎక్కించి ఇచ్చేశాడు. ఆవిడకి నా సలామ్ చెప్పండి జుమెకే అన్నాడు.

మినీబస్సులో చిల్లర కోసం జుమగలి చేతొడుగు తీశాడు. జేబులో బొటనవేలికి క్యాసెట్ అంచున ఏదో జిగటగా తగిలింది. బయటికి తీసి చూశాడు. నీలం టేపు. కొత్త క్యాసెట్‌కి టేపు ఎందుకు వేశాడా అనుకున్నాడు. కోటు లోపల్నుంచి రెండోది తీశాడు. దానికి రెండు చెవులూ నిక్షేపంగా ఉన్నాయి.

చాలాసేపు రెండిటినీ రెండు అరచేతుల్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. పక్కన కూర్చున్న ఆడమనిషి అతని మొహం చూసి, వంట్లో బాగాలేదా అన్నయ్యా అని అడిగింది. అప్పుడు గుర్తొచ్చింది. లిగాయ్ యంత్రంలోకి ఎక్కించాడు కదా, ఆ వరసలన్నీ అందులోకి పోయాయి కదా! కరెంటు తీసెయ్యనంతసేపూ అవి అందులోనే ఉంటాయి. ఆపు, ఆపు అని అరిచి దిగి వెనక్కి పరిగెత్తాడు. అరవయ్యేళ్ళకి దగ్గరపడ్డ మనిషి, మంచు మీద, బరువు బూట్లతో. రెండుసార్లు పడ్డాడు. పచ్చడి పొట్లం ఎక్కడో జారిపోయింది. వీధికుక్క ఒకటి మొరుగుతూ కొంతదూరం వెంటబడి విసుగెత్తి మానేసింది.

లిగాయ్ బల్ల మడిచేశాడు. కంప్యూటరు మెత్తలో చుట్టి తోపుడుబండి మీద ఉంది. బ్యాటరీ తీగలు నేలమీద.

"ఇప్పుడే తీసేశాను జుమెకే. గాలి పెరిగింది, బ్యాటరీ చచ్చిపోతుందని..." అంటూ అతని చేతిలోని క్యాసెట్ చూశాడు. నీలం టేపు చూశాడు. దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇది నేనే వేశాను" అన్నాడు చివరికి.

"ఇచ్చింది నేనే" అన్నాడు జుమగలి.

ఏమైనా మిగులుతుందా అని అడగబోయి మానేశాడు. మీద ఎక్కించాక కిందది పోతుందని అతనికి తెలియక కాదు. లిగాయ్ పెళ్ళాం ఇంకో పొట్లం పచ్చడి కట్టి అతని జేబులో పెట్టింది.

ఇంటికి నడిచే వచ్చాడు. దారిపొడుగునా అబద్ధాలు పేర్చుకున్నాడు. చిమ్‌కెంట్ వాడు రాలేదనొచ్చు. ఇదీ వేరే రకమే అనొచ్చు. వచ్చే ఆదివారం అనొచ్చు. కానీ ఎమ్మా తలుపు తీసి పక్కకి జరిగేసరికి, దిళ్ళమీద నుంచి బాగిలా అడగను కూడా అడగకుండా కళ్ళతోనే అడిగింది. దొరికింది అనేశాడు. ఆమె కళ్ళు మూసుకుని తల వెనక్కి వాల్చింది. ఆ మొహంలో కనిపించిన నెమ్మది చూడలేక అతను వంటింట్లోకి పోయి, టీ పెడుతున్నట్టు నటిస్తూ ఏడ్చాడు. ఎమ్మా వెళ్తూ వెళ్తూ, నీలం గోళ్ళదాకా వచ్చింది తమ్ముడూ, నన్ను పిలువు, మొహమాటపడకు అని చెప్పి వెళ్ళింది.

ఆ వీధికి పొద్దు వాలాక కరెంటు వస్తుంది, భోజనాలవేళకి పోతుంది. టీవీ వెలగ్గానే జుమగలి తీగలు తగిలించాడు. నీలం టేపు వేసిన క్యాసెట్ ఆమెకి కనబడకుండా వీపు అడ్డుపెట్టి లోపల పెట్టాడు. యంత్రం కీచుమని అరిచింది. బాగిలా కళ్ళు తెరవకుండా వింది. ఏళ్ళ తరబడి విన్న అరుపు అది. పాటలో రాగం పట్టినట్టు పడుతుంది ఆమె.

"అదే. సిసలైనదే" అంది. "ఇప్పుడు నాది పెట్టు."

అతను రెండో క్యాసెట్ పెట్టి నొక్కాడు. క్యాసెట్ తిరుగుతోంది. సన్నగా గాలి వీచినట్టు చప్పుడు, అంతే. ఆపలేదు. ఆపితే చెప్పాల్సి వస్తుంది. బాగిలా కూడా వింటూనే ఉంది.

"ఇది ఖాళీది కదయ్యా" అంది.

అతను నీలం టేపు వేసిన క్యాసెట్ తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"చెవులు విరిచి ఇచ్చానే."

"అతికించాడు" అన్నాడు జుమగలి. "నేనే ఇచ్చా. వెచ్చగా ఉందని. చేతొడుగు తియ్యలేదు బాగిలా. చేతొడుగు తీసుంటే తెలిసేది."

ఆమె చాలాసేపు కిటికీ వైపు చూసింది. కోపం రావడానికి కూడా ఊపిరి కావాలి. తిట్టినా అతనికి హాయిగా ఉండేది. చెంచాల మోత వినడం అలవాటైన మనిషి, ఈ నిశ్శబ్దాన్ని భరించలేకపోయాడు. కొట్టు, ఏదైనా అను అన్నాడు.

"అనేదేముంది" అంది ఆమె. "దుబాసీ వచ్చి కూర్చున్నాడు, మాట్లాడాల్సినోడు పోయాడు. నా బతుకంతా ఇట్టానే ఉందిలే." తర్వాత దిండు పక్కన తడిమి కళ్ళజోడు తీసి చాచింది. "ఇది పెట్టుకుని కూర్చో. నీకు దగ్గరివి ఆనవు. చెప్తా, కొట్టు."

"అంతా గుర్తుందా?"

"కరెంటు పోయేలోపు ఎంతుంటే అంత."

అతను ఆమె కళ్ళజోడు పెట్టుకుని యంత్రం ముందు కూర్చున్నాడు. బళ్ళో జర్మన్ చదివిన రోజుల్లో నేర్చిన రోమన్ అక్షరాలు, ఒక్కొక్కటీ వెతుక్కుంటూ, చూపుడువేలితో నొక్కాడు. వేలు మీట కంటే పెద్దది. పక్కది కూడా పడితే చెరిపి మళ్ళీ కొట్టాడు. ఆమె అక్షరం అక్షరం చెప్తోంది. చెప్పి ఊపిరి తీసుకుంటోంది. మొదట్లో అతనికేమీ తెలియలేదు. తర్వాత ఒక మాట పూర్తయ్యాక కూడబలుక్కుని చదివితే నేలమాళిగ అని వచ్చింది. ఇంకోటి వాల్వు. మెట్లదారి ఒకటి, రెండు, మూడు, నాలుగు. అతని వేలు నెమ్మదించింది. ఆ తర్వాతి మాటలో నాలుగే అక్షరాలు. జుమా అని వచ్చింది.

"ఇదేంటి? నన్నెందుకు పెట్టావిందులో?"

"నువ్వు తిరక్కపోతే నీళ్ళెట్టా కదుల్తయ్?" అంది బాగిలా. ఊపిరి కూడదీసుకుని చెప్పింది. "తెరమీద మన బిల్డింగు. కిటికీలన్నీ నల్లగా ఉంటయ్. నువ్వొక చిన్న చుక్కవి. కింద వంగి వంగి తిరుగుతా ఉంటావు. నువ్వు తిప్పినకొద్దీ ఒక్కో కిటికీ ఎర్రబడుద్ది. రోజూ ఇంటికొచ్చి చెప్పేవాడివి కదా, ఏది ఎంత తిప్పితే ఎవరింట్లో ఎంత వేడని. అదంతా లెక్కే. ఎట్టా తిప్పితే అందరికీ సరిపోద్దో అది చెప్పుద్ది. సరిపోద్ది, జుమా. సగం బొగ్గుతోనే సరిపోద్ది."

ఆమె అతన్ని పేరుతో పిలవడం అదే మొదలు. మొగుడి పేరు పలికే అలవాటు వాళ్ళ ఇళ్ళల్లో లేదు.

జుమగలి తెర వైపు తిరిగి కూర్చున్నాడు. మధ్యాహ్నం లిగాయ్ ఆడించమంటారా అని అడిగాడు. ఒక్క మీట. అప్పుడు తల ఊపి ఉంటే, ఆ చుక్క తిరగడం, కిటికీలు ఎర్రబడటం కళ్ళారా చూసి వచ్చి ఆమెకి చెప్పగలిగేవాడు. వద్దన్నది తనే. ఆ క్షణాన జుమగలికి తన మంచితనం మీద అసహ్యం వేసింది.

"కొట్టవేం?" అంది ఆమె.

కొట్టాడు. మొదటి మెట్లదారి అయింది. రెండోది అయింది. ఆమె గొంతు అంతకంతకీ చిన్నదవుతోంది. అతను కుర్చీ మంచానికి ఆనుకునేదాకా జరుపుకున్నాడు. మూడో మెట్లదారి దగ్గర, దీనిది మొండి వాల్వు, దీనికి రెండు వరసలు ఎక్కువ అంది. అతనికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కింద ఎవరో గొట్టం మీద చెంచాతో కొట్టడం మొదలెట్టారు. ఇద్దరూ పట్టించుకోలేదు. నాలుగో మెట్లదారి, ఒకటో అంతస్తు, రెండు, మూడు, నాలుగు.

"ఇప్పుడు మన కిటికీ" అన్నాడతను.

"ఆగు. మన కిటికీ దగ్గరేదో మెలిక పెట్టాను. ఉట్టినే ఎర్రబడదది. గుర్తు తెచ్చుకోనీ."

అతను మీటల మీద వేలు పెట్టుకుని ఆగాడు. తొందరపెట్టకూడదని వెనక్కి కూడా తిరగలేదు. సెంటర్లో ఆమె ఆలోచించేటప్పుడు ఎవరైనా పలకరిస్తే మండిపడేదట. ఇంతవరకూ కొట్టింది క్యాసెట్ మీద ఎక్కించుకోవాలి, ఆ మీట ఏదో తనకి తెలియదు, ఆమె ఈసారి నోరు విప్పగానే ముందు అది అడగాలి అనుకున్నాడు. తెరమీద చివరి వరస పక్కన చిన్న గుర్తు మిణుకుతోంది. కింద చెంచా మోత ఆగిపోయింది. వేడి చేరిందో, కొట్టి కొట్టి విసుగొచ్చిందో.

"గుర్తొచ్చిందా?" అని మెల్లగా అడిగాడు.

ఇంకాసేపు ఆగాడు. ఆమె ఊపిరి పీల్చే చప్పుడు కొన్నాళ్ళుగా ఆ గదిలో గడియారంలా ఎప్పుడూ ఉండేది. అది వినిపించడం లేదని అతనికి అప్పుడు తెలిసింది. తిరిగి చూడటానికి ధైర్యం చాలలేదు. తిరగనంతసేపూ ఆమె ఆలోచిస్తూనే ఉంటుంది. అలా కూర్చునే ఉన్నాడు. భోజనాలవేళ అయింది. టీవీ టప్పుమంది, తెరమీద వరసలన్నీ ఒక్క చుక్కగా ముడుచుకుని, ఆ చుక్క కూడా పోయింది.

చీకట్లో చెయ్యి చాపి ఆమె చేతిని పట్టుకున్నాడు. ఇంకా వెచ్చగానే ఉంది.

ఎంతసేపటికో ఎమ్మా కిరసనాయిలు దీపం పట్టుకుని వచ్చింది. పిలవమన్నాను కదా తమ్ముడూ అంది, కోప్పడలేదు. బాగిలా కళ్ళు మూసి, గడ్డానికి రుమాలు కట్టి, నీళ్ళు పెట్టడానికి వంటింట్లోకి పోయింది. వెళ్తూ దీపం యంత్రం పక్కన పెట్టి వెళ్ళింది.

జుమగలి మొహం తుడుచుకోబోతే వేళ్ళకి కళ్ళజోడు తగిలింది. తీసి, కాడలు మడిచి, దిండు పక్కన పెట్టబోయి ఆగాడు. ఇక అక్కడ పెట్టి లాభం లేదు. తీసుకొచ్చి మీటల మీద పెట్టాడు. దీపం వెలుగులో అద్దాల మీద అతని ఊపిరి తాలూకు మసక మెల్లగా విడిపోయింది. కాడ మడత దగ్గర, మేకు సందులో, ఒక తెల్ల వెంట్రుక ఇరుక్కుని ఉంది, పొడుగ్గా, చివర కొంచెం వంకీ తిరిగి.